పట్టీలో అయిదో పేరు

ఓడకి 71 రోజులు

ఇవాళ చలిపూట ఆరు గంటలు నడిచింది. చలిపూట అంటే హీటర్లన్నీ ఆపి, ఒక్కటి తప్ప దీపాలన్నీ ఆర్పి, ఉన్న నలుగురం నడిమిగదిలో ఒకళ్ళకొకళ్ళం ఆనుకుని కంబళ్ళు కప్పుకుని కూర్చోవడం. వంట లేదు, నడక లేదు. మా నెత్తిమీద, ఎనభై అడుగుల మంచుకి పైన, టెలిస్కోపు అద్దం ఆకాశాన్ని చూస్తూ ఉంటుంది. అది చూసేది వెలుగుని కాదు, వేడిని; అందుకే దానికి కావలసింది చలి. మేం వదిలిన ఊపిరి వెచ్చదనం కూడా మంచులోంచి పాకి, అద్దాన్ని నిలబెట్టిన కాడ వెంట పైకెక్కుతుంది. అందుకని అది చూస్తున్నంతసేపూ మేం వీలైనంత తక్కువగా బతకాలి.

"ఎవలూ నవ్వకుర్రి," అంది నఫీసా కంబళిలోంచి. "నవ్వితే ఒళ్ళు వేడైతది. సార్ గెలాక్సీ ఖరాబైతది."

ఎవరూ నవ్వడం లేదు, అందుకే అంది. నఫీసా మా యంత్రాల మనిషి. అద్దం తిప్పే మోటారు దగ్గర్నించి నా బూటు జిప్పు దాకా అన్నీ తనే బాగుచేస్తుంది.

పైడితల్లక్క పొద్దున్నే చద్దన్నం ముద్దలు చేసి, ఎండుమిరపకాయ నలిపి పక్కన పెట్టింది. గాలీ నీళ్ళూ వంటా ఆవిడవే. "ఒలే వకుళా, నీ కాళ్ళు నా పొట్టకి తగిలిస్తన్నావు. అయ్యేటి, కాళ్ళా మంచుగెడ్డలా?" అంది గానీ కాళ్ళు తోసెయ్యలేదు.

ఈ పథకం పెద్ద, నఫీసా అన్న సార్, రుక్మాంగదంగారు తెర ముందు వంగి కూర్చున్నారు. ఆయన ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్ళు. మేమున్న రాయి పేరు కర్పూరం. నిజానికి ఒళ్ళంతా బొగ్గు రంగు. చూడకముందే ఎవరో పేరు పెట్టేశారు. ఇక్కడినించి సూర్యుడు ఆవగింజంత కనిపిస్తాడు. ఆ ఆవగింజ దగ్గర్నించి ఆరేళ్ళకోసారి ఓడ వస్తుంది. నేను ఎమ్మెస్సీ పాసయిన వేసవిలో, ఇరవై రెండేళ్ళ వయసులో ఓడెక్కాను. ఏడాది ప్రయాణం, ఆరేళ్ళ నివాసం. ఇప్పుడు ఇరవై తొమ్మిది.

ఈసారి ఓడ మా అందర్నీ తీసుకుపోతుంది. పథకం మూసేస్తున్నారు. వెతికింది దొరకలేదు.

ఇంటికి వెళ్ళగానే మొదట ఏం చేస్తావని చలిపూట ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. నేను ప్రతిసారీ ఒకటే చెబుతాను. ఒక రోడ్డు మీద వెనక్కి తిరక్కుండా మూడు గంటలు నడుస్తాను. ఇక్కడ ఎటు నడిచినా నూటపద్నాలుగో అడుగుకి గోడ.

ఓడకి 68 రోజులు

ఏడాదికోసారి చేసే శూన్యపరీక్ష ఇవాళ. ఏమీ లేని ఆకాశం ముక్క ఒకటి ఎంచుకుని అద్దాన్ని దానివైపు తిప్పి, వచ్చిన బొమ్మ నిజంగా ఖాళీగా ఉందో లేదో చూడాలి. బొమ్మలు శుభ్రం చేసేది నేను. మా నివాసం అద్దం కాడకి సరిగ్గా కింద ఉంది కాబట్టి మా వేడి ప్రతి బొమ్మలోనూ నడిమధ్య ఒక మరకలా పడుతుంది. దాన్ని తీసేసే ప్రోగ్రాం ఉంది. అది తీసేశాక మిగిలింది ఆకాశం.

ఇవాళ బొమ్మలో నడిమధ్య ఒక గుంట ఉంది. నల్లగా, చిన్నగా, బొట్టుబిళ్ళంత. ఖాళీ ఆకాశం కంటే చల్లగా.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ గుంటే.

ఖాళీ ఆకాశం కంటే చల్లనిది అక్కడ ఏదీ ఉండదు. అంటే గుంట పైన లేదు. మేమే తవ్వుతున్నాం.

"ఎలా ఉందమ్మాయ్ శూన్యం?" అని అడిగారు రుక్మాంగదంగారు టీ గ్లాసుతో వచ్చి.

"ఇంకా చూస్తున్నాను సార్."

"శూన్యాన్ని అంతసేపు చూడకు. అలవాటైపోతుంది. నన్ను చూశావుగా!"

ఓడకి 67 రోజులు

దొరికింది.

హీటర్లకీ పంపులకీ మీటర్లున్నాయి. వాటి వేడి ఎంతో ప్రోగ్రాంకి సూటిగా తెలుస్తుంది. మనిషి ఒంటికి మీటరు లేదు. అందుకని అది వేడిపట్టీ చదువుతుంది. వంటింటి గుమ్మం పక్కన మేం చేత్తో రాసే పలకే వేడిపట్టీ; ఎదురుగా ఉన్న కెమెరా దాన్ని చూసి ప్రోగ్రాంకి అందిస్తుంది. ఎవరి పడకకి రోజూ ఎంతసేపు హీటరు అన్నది అందులో పేరుపేరునా ఉంటుంది. ప్రోగ్రాం అందులో పేర్లు లెక్కపెట్టి, తలకి నూరు వాట్ల చొప్పున బొమ్మలోంచి తీసేస్తుంది.

మేం నలుగురం. పట్టీలో పేర్లు అయిదు.

అయిదో పేరు సింహాద్రిది. పైడితల్లక్క భర్త. దాదాపు పదకొండు నెలల క్రితం అద్దం కింద పని చేస్తుండగా మంచుపెళ్ళ విరిగి మీద పడింది. ఇంటికి కబురు పంపాం, ఇక్కడే మంచులో పాతిపెట్టాం. కానీ పేరు తీయలేదు. పట్టీలో పేరు ఓడ వచ్చినప్పుడే మార్చడం కర్పూరంలో మొదటినించీ ఉన్న ఆచారం. ఉండేవాళ్ళ పేరు రాయడం, వెళ్ళేవాళ్ళ పేరు చెరపడం రెండూ ఓడ తలుపు దగ్గరే, అందరి ముందూ. మధ్యలో పోయినవాళ్ళు ఎవరూ లేరు, సింహాద్రే మొదటివాడు. అక్క ఆ రోజు ఒక్కటే అడిగింది. "పెద్దయ్యా, ఆడి పేరు ఉండనీండి. ఆడి వాటా ఎచ్చదనం నాను తీసుకోను, పక్కకి వదిలీండి. ఆ పక్క సల్లారిపోతే నాకు నిద్రరాదు." రుక్మాంగదంగారు సరేనన్నారు. మేమందరం సరేనన్నాం. అప్పట్నించీ అక్క సింహాద్రి ఖాళీ పడకకి రోజూ గంటసేపు హీటరు వేస్తుంది.

ఆ హీటరుకి మీటరుంది, దానితో చిక్కు లేదు. చిక్కంతా అక్కడ లేని మనిషితోనే. పదకొండు నెలలుగా సింహాద్రి ఒంటివేడిని రోజూ ఆకాశంలోంచి తీసేస్తున్నాం.

పేరు ఉందని నలుగురికీ తెలుసు. ప్రోగ్రాం ఆ పట్టీనే చదువుతుందని నాకూ రుక్మాంగదంగారికీ తెలుసు. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి ఎవరూ చూడలేదు.

ఓడకి 66 రోజులు

రుక్మాంగదంగారు వెతుకుతున్నదేమిటో రాయాలి, లేకపోతే ఇవాళ జరిగింది అర్థం కాదు.

దూరాన, అంటే కాలంలో బాగా వెనక, రెండు రకాల వింతలున్నాయి. ఒకటి దుమ్ము గెలాక్సీలు. మేం మసిబుట్టలంటాం. వాటిలో ఏడాదికి వెయ్యి నక్షత్రాలు పుడతాయి, కానీ ఆ వెలుగంతా దుమ్ము మింగేసి, తను కాస్త వెచ్చబడి ఊరుకుంటుంది. రెండోది క్వాసార్లు. గెలాక్సీ నడిబొడ్డున కృష్ణబిలం తెగ తిని, మింగుడుపడని వెలుగంతా కక్కుతూ, విశ్వం ఈ కొసనించి ఆ కొసకి కనిపిస్తుంది. ఒకటి గుట్టు, ఒకటి రట్టు. ఆ మసిబుట్టే ఒకనాడు లోపలి పొయ్యి రాజుకుని, దుమ్మునంతా తోసేసుకుని, క్వాసారై బయటపడుతుందని ఆయన నమ్మకం.

"ఒక ఊళ్ళో ఒక్కరోజు తీసిన ఫోటోలమ్మా మన దగ్గరున్నవి," అంటారు ఎప్పుడూ. "ఒక దాంట్లో పాకే పిల్ల. ఇంకో దాంట్లో చుట్ట కాల్చే అవ్వ. ఈ పిల్లే ఆ అవ్వ అవుతుందని నేనంటాను. ఎవడు నమ్ముతాడు? మధ్యలో పదహారేళ్ళది కనిపించాలి."

ఆ పదహారేళ్ళది ఎలా ఉండాలో ఆయనకి తెలుసు. పైకి ఇంకా మసిబుట్టే, కానీ నట్టనడుమ దుమ్ము మాత్రం, నక్షత్రాల వల్ల ఎక్కేదానికన్నా చాలా వేడిగా. లోపల పొయ్యి అంటుకుంది, పొగ ఇంకా పోలేదు. అద్దం పూర్తిగా చల్లబడటానికే ఏళ్ళు పట్టింది. ఆయన ఏరిపెట్టుకున్న పదకొండు మసిబుట్టల్నీ తొమ్మిదినెలలుగా చూశాం. ఒక్కదాంట్లోనూ నడుమ వేడి లేదు. అందుకే మూసేస్తున్నారు.

ఇవాళ నా కంప్యూటర్లో మాత్రం పట్టీ నకలు తీసి, నలుగురి పేర్లు ఉంచి, పాత బొమ్మలు మళ్ళీ శుభ్రం చేశాను. శుభ్రం చెయ్యని అసలు బొమ్మలు మూడునెలలవే మిగిలాయి, అందులో ఆరు గెలాక్సీలున్నాయి. ఆరింటిలో నాలుగింటికి నడుమ వేడి ఉంది.

అవి ఎప్పుడూ ఉన్నాయి. మేం వాటిని మా మనిషి ఒళ్ళనుకుని తుడిచేస్తూ వచ్చాం.

లేచి నిలబడ్డాను. పరిగెత్తుకెళ్ళి ఆయనకి చెప్పాలని తలుపు దాకా వెళ్ళాను. అక్కడ ఆగాను.

ఒప్పందం పద్నాలుగో షరతు: ఫలితం వస్తే పథకం ఇంకో విడత, అంటే ఇంకో ఆరేళ్ళు, నడుస్తుంది. అందుకు ముగ్గురు తప్పనిసరి. ఆకాశానికి ఒకరు, యంత్రానికి ఒకరు, గాలీనీళ్ళకి ఒకరు. ఓడ బయల్దేరి ఏడాది కావస్తోంది, అందులో కొత్తవాళ్ళెవరూ లేరు. ఆకాశం రుక్మాంగదంగారిది. గాలీనీళ్ళు అక్కవి, మొగుణ్ణి ఇక్కడ వదిలి వెళ్ళాలంటేనే అడుగు పడని మనిషి. మిగిలింది యంత్రం. సింహాద్రి పోయాక ఆ పనంతా నఫీసా నాకు నేర్పింది. మా ఇద్దరిలో ఒకరు ఓడెక్కచ్చు. ఒకరే. నఫీసాకి కూతురుంది.

గోడ దగ్గర్నించి గోడ దగ్గరికి నాలుగుసార్లు నడిచి, వచ్చి కూర్చున్నాను.

ఓడకి 65 రోజులు

చెప్పలేదు.

ఓడకి 60 రోజులు

నఫీసా కూతురు జారా గొంతు వచ్చింది భూమినించి. తల్లి ఓడెక్కేనాటికి మూడేళ్ళది. ఇప్పుడు పదేళ్ళది, గొంతులో విసుగు కూడా వచ్చేసింది. "అమ్మీ, నువ్వు వచ్చేసరికి నేను ఆరో క్లాసుల ఉంట. నాకు జడ నేనే ఏసుకుంట. నువ్వు ఊకెనే సూడు సాలు."

నఫీసా దాన్ని అయిదుసార్లు విని, నావైపు తిరిగింది. "సూసినవా? ఊకెనే సూడాల్నంట. ఎంత పొగరు పిల్లకు!" అని కళ్ళు తుడుచుకుని, "నువ్వేంది గట్ల సూస్తవు? బూటు జిప్పు మల్ల పోయిందా?" అంది.

నేను నఫీసా కోసం ఊరుకుంటున్నానని ఇవాళ కాసేపు అనుకున్నాను. హాయిగా ఉంది అలా అనుకుంటే. కానీ నిజం చెప్తే ఇంటికెళ్ళేది నఫీసాయే. ఊరుకుంటే నేనూ వెళ్తాను. ఈ లెక్కలో నఫీసా ఎటైనా వెళ్తుంది. నేనొక్కదాన్నే మిగులుతాను. లేదా మిగలను.

ఓడెక్కాక చెప్పచ్చు అని ఇంకో ఉపాయం ఆలోచించాను. చెప్పచ్చు. కానీ అప్పటికి అద్దం ఆపేసి ఉంటారు. ఒకసారి వెచ్చబడితే మళ్ళీ చల్లబడటానికి అయిదేళ్ళు. నాలుగు పాతబొమ్మలు పట్టుకుని ఎవరూ ఇంత దూరం తిరిగి రారు.

ఓడకి 52 రోజులు

ముగింపు నివేదిక రుక్మాంగదంగారు చేత్తో రాసి, తరవాత టైపు చేశారు. ఆఖరి వాక్యం: దుమ్ము గెలాక్సీలకూ క్వాసార్లకూ పరిణామ సంబంధం ఉన్నట్టు ఆధారం కనబడలేదు.

"చదివి సంతకం పెట్టమ్మా. శుభ్రం చేసినవాళ్ళ సంతకం లేనిదే నివేదిక చెల్లదు."

"మీరు నమ్ముతున్నారా సార్, ఈ వాక్యం?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. "నమ్మకం నాది. ఆధారం నీది. నీ బొమ్మల్లో లేదు కదా?"

నేను 'లేదు' అనలేదు. సంతకం పెట్టాను. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. అదే నాకు ఇప్పటికీ వింతగా ఉంది.

ఓడకి 47 రోజులు

ఆయన ఈమధ్య పాడుతున్నారు. పాట పూర్తిగా రాదు, పల్లవి మాత్రం తిప్పితిప్పి. పద్దెనిమిదేళ్ళ కాగితాలు పెట్టెలకెత్తుతూ, "తప్పని తేలిపోతే ఇంత తేలికని తెలియదమ్మాయ్. ముందే తప్పయి ఉండాల్సింది," అన్నారు.

నేను పెట్టెలకి తాళ్ళు కడుతున్నాను. ముడి ఎంత బిగించినా ఆయన, "ఇంకాస్త," అంటున్నారు.

ఓడకి 42 రోజులు

అక్క ఇవాళ పిండి కలుపుతూ మామూలుగా అంది. "ఎల్లుండికి మా మావ పోయి ఏడాది తిథి. పంతులు పంపిన లెక్క సూసుకున్నాను. ఆడి పేరు ఆ పొద్దే నా సేత్తో సెరిపేస్తాను. ఓడ దాకా ఎందుకు? ఏడాదైపోనాక అట్టిపెట్టకూడదంట."

నా చేతిలో గిన్నె ఆగింది.

ఇవాళ్టినించి నాలుగో రోజున ముగింపు బొమ్మ ఉంది. పదకొండింటిలో బాగా వెలిగే దాన్ని ఆఖరిసారి తీసి, నివేదికకి జతచేసి, అద్దం ఆపేస్తారు. అక్క పేరు చెరిపేస్తే ప్రోగ్రాం తనంతట తనే నలుగుర్ని లెక్కపెడుతుంది. రుక్మాంగదంగారి తెరమీద, ఆయన కళ్ళముందే, నడుమ వేడి కనిపిస్తుంది.

నాకు మాటలు ఎంత సులువుగా వచ్చాయో! "అక్కా, ఓడ దాకా ఉంచు. అందరి ముందూ చెరపడం ఇక్కడి పద్ధతి కదా. బావ ఇక్కడ అందరివాడు. వంటింట్లో ఒక్కదానివే చెరిపేస్తే దొంగతనంగా పంపేసినట్టుండదూ? ఓడ తలుపు దగ్గర, మనం వెళ్తుంటే, మనతోపాటే ఆయన్నీ..." అన్నాను.

అక్క పిండిచేతులు అలాగే గాల్లో పెట్టి నన్ను చూసింది. "నీకు ఆడంటే ఇంత ఇదని నాకు తెలీదే పిల్లా," అంది.

ఓడకి 41 రోజులు

భోజనాలయ్యాక అక్క నా చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళింది. రెండు పడకలు. సింహాద్రి పడక మీద దుప్పటి సరిచేసి ఉంది.

"ఇయాల నువ్వు పడుకో ఇక్కడ. ఈ పక్క మీద నాను తప్ప ఎవులూ కూకోలేదు. నిన్నట్నించి నీ మాటే ఇనపడతంది. అందరి ముందూ పంపాలన్నావు సూడు. నాకా బుద్ధి పుట్టనేదు. పడుకో, ఎచ్చగుంటాది."

హీటరు మీట నొక్కింది. తన పడక మీద కూర్చుని ఒత్తులు చేసుకోవడం మొదలుపెట్టింది, రేపటి దీపానికి.

పడుకున్నాను. నిజంగానే వెచ్చగా ఉంది. ఆరేళ్ళలో నా వీపు ఇంత వెచ్చగా ఎప్పుడూ లేదు. ముందు కాళ్ళు, తరవాత నడుము, తరవాత మెడ. ఒళ్ళు విశ్రాంతి తీసుకుంటోంది, నాతో సంబంధం లేనట్టు. అక్క ఏదో చెబుతోంది, సింహాద్రి పెళ్ళిచూపులకి వచ్చి సైకిలు మీంచి పడ్డ సంగతి. "మోకాలు సిరిగిపోయి నెత్తురు, పైనించి మా నాన్నతో అంటాడూ, 'మావా, సైకిలు బాగుంది కదా' అని!" నవ్వుతోంది. నేనూ నవ్వాలి. ఆ దుప్పటి బరువు నా మీద ఇంటి కప్పంత ఉంది.

లేచి కూర్చున్నాను.

"అక్కా, నేను నీకు అబద్ధం చెప్పాను."

"ఏటే?"

మొత్తం చెప్పాను. పట్టీ, ప్రోగ్రాం, గుంట, నాలుగు గెలాక్సీలు, సంతకం, పద్నాలుగో షరతు. ఎందుకు చెరపొద్దన్నానో కూడా. ఒత్తి చేస్తున్న వేళ్ళు ఆగలేదు. ఒకటి, ఇంకొకటి. పూర్తిగా విన్నాక అడిగింది.

"అయితే మా మావ ఒంటి ఎచ్చదనమని ఆకాశంలోది తీసీసినారు ఇన్నాళ్ళూ?"

"అవునక్కా."

"ఆడికి తెలిస్తే పొట్ట సెక్కలయ్యేలా నవ్వును." తను నవ్వలేదు. "నీకు ఎల్లాలనుంది. తప్పేటి నేదు. నాకు సెప్పు, ఎల్లిపోతానక్కా, నోరు మూసుకో అని సెప్పు. మూసుకుందును. నా మొగుణ్ణి అడ్డంపెట్టి నాకే సెప్పడమేటే?"

నేను దుప్పటి మడత పెట్టబోయాను.

"లే. ఆ పక్క మీంచి లే ముందు."

ఓడకి 40 రోజులు

పొద్దున్న అక్క దీపం పెట్టి, తడిగుడ్డతో పలకమీద సింహాద్రి పేరు తుడిచింది. నన్ను పక్కన నిలబడమంది, కానీ నావైపు చూడలేదు. తుడిచాక కాసేపు ఆ తడి ఆరేదాకా నిలబడింది.

తరవాత ఇద్దరం రుక్మాంగదంగారి గదికి వెళ్ళాం. ఆయన పెట్టెమీద కూర్చుని బూట్లకి లేసులు కట్టుకుంటున్నారు. అక్క, "పెద్దయ్యా, ఈ పిల్ల మీకొకటి సెప్పాలంట," అని గుమ్మంలోనే నిలబడింది. దారి వదల్లేదు.

చెప్పాను. ఆయన లేసు ముడి విప్పి మళ్ళీ వేశారు.

"ఆ ప్రోగ్రాంకి పట్టీ చదవమని చెప్పింది నేనేనమ్మా," అన్నారు చివరికి. "పేరు ఉండనిమ్మన్నదీ నేనే. రెండూ నా చేతులతో చేసినవే."

అంతే అన్నారు. నా సంతకం ఊసు ఎత్తలేదు.

ఓడకి 38 రోజులు

చలిపూట. నలుగురం నడిమిగదిలో. అక్క నా పక్కన కూర్చోలేదు, నఫీసాకి అటువైపు కూర్చుంది. నఫీసాకి నిన్ననే చెప్పేశాను. అప్పట్నించి నాతో పనిమాట తప్ప లేదు.

ఆరుగంటల తరవాత బొమ్మ వచ్చింది. ఎర్రటి మసి, చుట్టూ చిరిగిన గుడ్డలా. నడుమ, ఎక్కడైతే ఎప్పుడూ చదునుగా ఉండేదో అక్కడ, ఒక చుక్క. వెయ్యికోట్ల ఏళ్ళకి పైబడిన చుక్క. కృష్ణబిలం చుట్టూ కాగుతున్న దుమ్ము. ఇంకా బయటపడని క్వాసారు.

రుక్మాంగదంగారు తెరకి బాగా దగ్గరగా వెళ్ళారు. ఆయన ఊపిరికి తెర మసకబారింది. అరచేత్తో తుడిచారు. అరుస్తారనుకున్నాను, ఏడుస్తారనుకున్నాను.

"ఎన్ని రోజుల్నించి తెలుసు నీకు?" అన్నారు తెరవైపే చూస్తూ.

"ఇరవై ఎనిమిది."

"ఊఁ. నివేదికలో అది కూడా రాయి. దోషం ఎలా దొరికిందో, ఎప్పుడు దొరికిందో తేదీలతో రాయాలి. తేదీ దాచిన ఫలితాన్ని ఎవరూ నమ్మరు," అన్నారు. తరవాత, ఇంకా అటే తిరిగి, మెల్లిగా, "పదహారేళ్ళది," అన్నారు.

రాశాను. తేదీలతో. పాత సంతకం కిందే కొత్త సంతకం పెట్టాను.

ఓడకి 36 రోజులు

భూమినించి జవాబు. పథకం కొనసాగుతుంది, ముగ్గురు ఉండాలి. నా ఇరవై ఎనిమిది రోజుల గురించి విచారణ ఉంటుంది, నేను తిరిగి వెళ్ళాక.

నఫీసా మోటారు గదిలో ఉంది. వెళ్ళి రెంచీ అందించాను. తీసుకుంది.

"ఎవలు పోతరని అడుగుతలేవేంది?" అంది బోల్టు తిప్పుతూ.

"నువ్వే వెళ్తావు."

"నేను వద్దనను సూడు. మర్యాదకు గూడ అనను. ఒక్కసారి వద్దంటే నువ్వు సరే అంటవేమో, నాకు భయం."

"అనకు."

బోల్టు బిగిసింది. రెంచీ తిరిగి నా చేతిలో పెట్టి, వేళ్ళు వదల్లేదు కాసేపు. "నెల దినాలు నాతోని మంచిగ నవ్వుకుంట తిరిగినవు. నాకు గదే కోపం. నువ్వు దాస్తే దాసినవు గానీ. రేపట్నుంచి రోజూ నాతోని మోటారు విప్పాలె. నాకు తెల్సినయన్నీ నీ చేతులకు రావాలె."

ఓడ వచ్చింది

రెండు రోజులే ఆగింది. బియ్యం, మందులు, మోటారు భాగాలు దించారు. ఓడ మనుషులు ముగ్గురూ కొత్త చొక్కాల వాసన వేశారు. వాళ్ళలో ఒకడు నన్ను, "మీరే కదండీ వెళ్ళేది?" అని అడిగాడు. సంచీ నా చేతిలో ఉంది. కాదు, ఈ సంచీ నఫీసాదన్నాను.

నఫీసా పేరు తనే చెరిపింది, అందరి ముందూ. అక్క దారికి పులిహోర కట్టిచ్చి, "ఆ పిల్లకి జడెయ్యి. ఏసుకుంటానంటాది, ఇనకు," అంది. రుక్మాంగదంగారు మిగతా అయిదు గెలాక్సీల బొమ్మలకి సమయాలు వేసుకుంటూ వచ్చి, చేతులు జోడించి, మళ్ళీ వెళ్ళిపోయారు. నఫీసా నన్ను కావిలించుకోలేదు. నా బూటు జిప్పు వంగి చూసి, పైకి లాగి, ఓడలోకి వెళ్ళింది.

ఈ తలుపుకి బయట గడియ లేదు. గాలి లోపల ఉంది కాబట్టి, వెయ్యాల్సింది లోపలున్నవాళ్ళే. బరువైన చక్రం, ఇద్దరు తిప్పాలి. నేను ఒకవైపు పట్టుకుని నిలబడ్డాను. రెండోవైపు ఎవరూ లేరు. కాసేపటికి అక్క వచ్చి రెండోవైపు పట్టుకుంది.

పదకొండు చుట్లు. ఆఖరి చుట్టు బాగా బిగువు.